బోర్డోనా, బర్గండీనా, లువారా? నేలను బట్టి ఫ్రెంచ్ వైన్ ఎంచుకోవడం

ఫ్రెంచ్ వైన్ సీసా మీద చాలాసార్లు ద్రాక్ష పేరు ఉండదు, ఊరి పేరు ఉంటుంది. పోయాక్, షాబ్లీ, మోర్గోన్, సాన్సేర్ అని రాసి ఊరుకుంటారు. ఆస్ట్రేలియా సీసా అయితే షిరాజ్ అనో, కాలిఫోర్నియా సీసా అయితే కాబర్నే అనో చదివి తీసుకోవచ్చు. ఫ్రాన్స్ వరుస దగ్గరికి వచ్చేసరికి డాలస్‌లో ఉన్నా, లండన్‌లో ఉన్నా, హైదరాబాద్‌లో ఉన్నా చాలామందికి చెయ్యి ఆగిపోతుంది. చివరికి ధర చూసి ఏదో ఒకటి పట్టుకొస్తారు.

నిజానికి కావలసిన సమాచారం చాలావరకు ఆ ఊరి పేరులోనే ఉంది. 1935లో వచ్చిన అప్పెలాసియోన్ (ప్రాంతం పేరు వాడకంపై నియంత్రణ) చట్టం మొదలుకొని, ఏ ఊళ్లో ఏ ద్రాక్ష వేయాలి, దిగుబడి ఎంతకు మించకూడదు అన్నవి ఫ్రాన్స్‌లో నిబంధనలుగా ఉన్నాయి. ఆ నిబంధనలు తరతరాల రైతుల అనుభవం నుంచి వచ్చాయి. ఆ అనుభవానికి మూలం అక్కడి నేల, వాతావరణం. అందుకే పేరుప్రతిష్ఠల జాబితాలు బట్టీ పట్టేకన్నా ఆరేడు నేలల గుణం తెలుసుకోవడం మేలని నా గట్టి నమ్మకం.

## ముందు మీకేం కావాలో తేల్చుకోండి

ఐదు విషయాలు చూసుకుంటే చాలు.

మొదటిది వగరు. పచ్చి జామకాయ కొరికినప్పుడు నాలుక బిగిసినట్లుంటుందే, అదే. ద్రాక్ష తొక్క, గింజల నుంచి వస్తుంది కాబట్టి ఎక్కువగా రెడ్ వైన్‌లోనే తెలుస్తుంది. రెండోది పులుపు. నోట్లో నీళ్లూరించేది, తిండితో వైన్‌ను కలిపేది ఇదే. మూడోది చిక్కదనం. ఆల్కహాల్ శాతం పెరిగేకొద్దీ నోటికి బరువుగా అనిపిస్తుంది. 12 శాతానికీ 15 శాతానికీ తేడా మొదటి గుటకలోనే తెలుస్తుంది. నాలుగోది, ఎప్పుడు తాగుతారన్నది. ఈ వారమా, పదేళ్ల తర్వాతా? ఐదోది, పక్కన ఏం తింటారు.

తెలుగు ఇళ్లలో ఈ ఐదో ప్రశ్నే మిగతావాటిని నిర్ణయిస్తుంది. కారం, వగరు ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి. ఆల్కహాల్ ఎక్కువైతే కారం మంట ఇంకా పెరుగుతుంది. గోంగూర, చింతపండు పడిన కూర పక్కన పులుపు తక్కువున్న వైన్ చప్పగా, నీళ్లలా అనిపిస్తుంది.

## నేల అసలు ఏం చేస్తుంది

సున్నపురాయి నేలలో పండిన ద్రాక్ష వైన్‌లో ఆ రాయి రుచి ఉంటుందని రెస్టారెంట్లలో తరచూ చెబుతారు. అది అలా జరగదు. రాళ్లకు చెప్పుకోదగ్గ రుచీ వాసనా ఉండవు. తీగ వేళ్లు పీల్చుకునేది నీళ్లలో కరిగిన కొద్దిపాటి పోషకాలనే. వేల్స్‌కు చెందిన భూగర్భ శాస్త్రవేత్త అలెక్స్ మాల్ట్‌మన్ ఈ విషయాన్ని చాలాకాలంగా ఓపిగ్గా వివరిస్తున్నారు.

నేల చేసేది ముఖ్యంగా రెండు పనులు. తీగకు నీళ్లు ఎంత, ఎప్పుడు అందాలో నిర్ణయిస్తుంది. వేళ్ల దగ్గర ఎంత వేడి ఉండాలో నిర్ణయిస్తుంది. బోర్డో విశ్వవిద్యాలయానికి చెందిన జెరార్ సెగాన్ బోర్డోలోని మెడాక్ తోటల నేలలు పరిశీలించి, మేలైన తోటలన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది ఫలానా రాయి కాదని, తీగకు నీళ్లు అందే తీరని తేల్చారు. కాయ రంగు తిరిగే రోజుల్లో నీళ్లు కాస్త తగ్గితే తీగ కొత్త చిగుళ్లు ఆపేసి, ఉన్న శక్తినంతా కాయకు పంపుతుంది. చక్కెర చేరుతుంది, తొక్కకు రంగూ వగరూ పడతాయి. నీళ్లు ఎక్కువైతే కాయ ఉబ్బి పలచబడుతుంది. మరీ ఎండిపోతే ఆకు వాడి, పండటమే ఆగిపోతుంది.

నల్లరేగడి చేను, ఎర్ర చెల్క పక్కపక్కన చూసినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. రేగడి వాన నీటిని వారాల తరబడి పట్టుకుంటుంది, చల్లగా ఉంటుంది. చెల్కలో పడిన నీరు పడినట్లే దిగిపోతుంది, త్వరగా వేడెక్కుతుంది. రెండింటిలో ఒకే పంట వేయాలని ఏ రైతూ అనుకోడు. బోర్డోలో ఎడమ గట్టుకూ కుడి గట్టుకూ ఉన్న తేడా అంతా ఇదే.

## బోర్డో: గులకరాళ్లు ఒక గట్టు, బంకమట్టి ఇంకో గట్టు

గారోన్, దొర్దోన్ నదులు కలిసి జిరోండ్ అనే వెడల్పాటి పాయగా అట్లాంటిక్‌లోకి పోతాయి. ఎడమ గట్టున ఉన్న మెడాక్‌లో, పైరెనీస్ పర్వతాల నుంచి, మాసిఫ్ సెంట్రల్ నుంచి నదులు మోసుకొచ్చిన గులకరాళ్లు దిబ్బలుగా పేరుకున్నాయి. 17వ శతాబ్దంలో డచ్ ఇంజినీర్లు వచ్చి కాలువలు తవ్వేదాకా అందులో చాలా భాగం చిత్తడి నేల. నీరు దిగిపోయాక ఆ దిబ్బలే బంగారమయ్యాయి. గులకరాయి పగలు ఎండను పీల్చుకుని వేళ్లను వెచ్చగా ఉంచుతుంది. ఆలస్యంగా పండే కాబర్నే సావిన్యాన్‌కు ఈ వేడి కావాలి. లేకపోతే పచ్చి క్యాప్సికం వాసన వస్తుంది.

ఈ వైన్ బిగువుగా ఉంటుంది. వగరు గట్టిగా తగులుతుంది. నల్లటి పండ్ల రుచి, దేవదారు చెక్క వాసన వస్తాయి. పోయాక్ దీనికి పెట్టింది పేరు. మార్గోలో మట్టి పొర పలచన, వైన్ కాస్త సున్నితం. ఉత్తరాన సాన్ ఎస్తెఫ్‌లో గులకరాళ్ల కింద బంకమట్టి ఎక్కువ, వైన్ మోటుగా ఉంటుంది. ఎండాకాలం మరీ తీవ్రంగా ఉన్న ఏడాదిలో మాత్రం ఆ బంకమట్టే తీగను కాపాడుతుంది.

కుడి గట్టున సాన్ ఎమిలియోన్, పోమెరోల్. ఇక్కడ మట్టి చల్లన. కాబర్నే పండటానికి ఇబ్బంది పడుతుంది, ముందుగా పండే మెర్లో హాయిగా పండుతుంది. పోమెరోల్‌లోని పెట్రూస్ తోట నీలిరంగు బంకమట్టి గుట్ట మీద ఉంది. సుమారు 11 హెక్టార్ల తోట, దాదాపు అంతా మెర్లోయే. ఆ మట్టిలో ఉండే స్మెక్టైట్ జాతి ఖనిజమే మన నల్లరేగడిలోనూ ఉంటుంది. తడిస్తే ఉబ్బి, ఎండితే బిగిసే గుణం దానిదే. తడిసి ఉబ్బినప్పుడు పై వాన లోపలికి పోదు, ఎండల్లో లోపల దాచిన తేమ కొద్దికొద్దిగా వేళ్లకు అందుతుంది. ఫలితంగా నిండైన, వగరు మెత్తగా ఉండే వైన్ వస్తుంది.

కొనేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. 1855లో పారిస్ ప్రదర్శన కోసం చేసిన ప్రఖ్యాత రెడ్ వైన్ జాబితాలో ఒక్క ఓ బ్రియోన్ తప్ప అన్నీ మెడాక్ తోటలే. కుడి గట్టుకు అందులో చోటే లేదు. పోమెరోల్‌కు ఇప్పటికీ అధికారిక వర్గీకరణ లేదు. కాబట్టి "క్రూ క్లాసే" (వర్గీకరణలో చోటున్న తోట) అన్న మాట లేనంత మాత్రాన తక్కువ సరుకు అనుకోవద్దు. డబ్బు చూసుకునేవాళ్లకు పోమెరోల్ పక్కనున్న లాలాండ్ ద పోమెరోల్, ఇంకాస్త పడమర ఉన్న ఫ్రొన్సాక్ నా సలహా. మెత్తదనం అదే తీరు, ధర చాలా తక్కువ. మంచి మెడాక్ సీసా ఈ వారమే తాగాలనుకుంటే మాత్రం కొనకండి. ఆ వగరు కరగడానికి ఏళ్లు పడుతుంది.

## బర్గండీ: ఒకే వాలు, వంద పేర్లు

బోర్డోలో నాలుగైదు ద్రాక్షలు కలుపుతారు. బర్గండీలో సాధారణంగా రెడ్ అంటే పినో న్వార్, వైట్ అంటే షార్డనే, అంతే. మిగిలిన తేడా అంతా నేలదే. అందుకే ఈ అంశం మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఎప్పటికైనా ఇక్కడికి చేరతారు.

కోట్ డోర్ అనేది తూర్పు ముఖంగా వాలిన సన్నని కొండచరియ. జురాసిక్ కాలపు సున్నపురాయి, సున్నం కలిసిన బంకమట్టి పొరలు పొరలుగా ఉంటాయి. పైన మట్టి పలచన, గాలి చల్లన. కింద, రోడ్డు దగ్గర, కొట్టుకొచ్చిన మట్టి మందంగా పేరుకుని నీళ్లు నిలుస్తాయి. నడుమ భాగంలో మట్టి తగినంత, ఎండ నిండుగా, నీటి పారుదల చక్కగా ఉంటాయి. గ్రాన్ క్రూ, అంటే అత్యున్నత హోదా ఉన్న తోటలు ఎక్కువగా అక్కడే. ఊరి పేరుతో అమ్మే వైన్ దాని దిగువన, బూర్గోన్ అని మాత్రమే రాసి అమ్మేది మరీ దిగువన పండుతుంది. లేబుల్ చదవడమంటే ఆ కొండ ఎక్కడమే. ఈ తోట ముక్కలను క్లీమా అంటారు. 2015లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వంగా గుర్తించింది.

క్లో ద వూజో తోట చూడండి. సిస్టెర్షియన్ సన్యాసులు గోడ కట్టి పెంచిన తోట అది, సుమారు 50 హెక్టార్లు. గోడ లోపలి నేలంతా గ్రాన్ క్రూయే. కానీ పై భాగంలో పలచని సున్నపు నేల, అడుగున రోడ్డుకు ఆనుకుని నీళ్లు దిగని మందపాటి మట్టి. ఈ తోటకు ఇవాళ దాదాపు 80 మంది యజమానులు. ఒకే పేరు, ఒకే హోదా, సీసా సీసాకూ నాణ్యత వేరు. అందుకే బర్గండీలో ఊరి పేరు ఎంత ముఖ్యమో తయారుచేసినవారి పేరు అంతకన్నా ముఖ్యం. ఎవరు చేశారో తెలియని ఖరీదైన సీసా కన్నా, మంచి పేరున్నవారి మామూలు బూర్గోన్ మేలు.

కోట్ డోర్ ఉత్తర భాగమైన కోట్ ద న్యుయీ రెడ్ వైన్లకు, దక్షిణ భాగమైన కోట్ ద బోన్‌లోని మెర్సో, ప్యులిన్యీ ఊళ్లు వైట్ వైన్లకు ప్రసిద్ధి.

షాబ్లీ కూడా బర్గండీలో భాగమే, కానీ దూరంగా ఉత్తరాన, షాంపేన్‌కు దగ్గరగా ఉంటుంది. కిమెరిడ్జియన్ కాలపు సున్నపు బంకమట్టి అక్కడిది. ఒక గడ్డ చేతిలోకి తీసుకుని నలిపితే, కామా గుర్తు ఆకారంలో ఉన్న చిన్న ఆలుచిప్పల శిలాజాలు రాలతాయి. సుమారు 15 కోట్ల ఏళ్ల కిందట అదంతా సముద్రపు అడుగు. ఆ ఆలుచిప్పల రుచి వైన్‌లో ఉండదు. చల్లని వాతావరణం, చల్లని మట్టి కలిసి షార్డనేను నెమ్మదిగా పండించడం వల్ల పదునైన పులుపు నిలుస్తుంది. ఓక్ పీపాల వాసన నచ్చనివాళ్లకు, సాదా రొయ్యల వేపుడో చేప వేపుడో పక్కన పెట్టుకునేవాళ్లకు షార్డనేలో ఇదే సరైనది.

## బోజొలే: గ్రానైట్ మీద గామే

1395లో బర్గండీ డ్యూక్ ఫిలిప్, ఆయన్ను ధీరుడైన ఫిలిప్ అంటారు, గామే ద్రాక్షను పీకేయమని ఆజ్ఞ ఇచ్చాడు. బర్గండీ సారవంతమైన సున్నపు నేలలో అది విపరీతంగా కాసి నీళ్ల లాంటి వైన్ ఇచ్చేది. దక్షిణాన బోజొలేలోని బీద గ్రానైట్ నేలలో అదే తీగ అదుపులో ఉండి, కొద్దిగా కాసి, కమ్మని పండ్ల వాసనతో వైన్ ఇస్తుంది. ద్రాక్షకూ నేలకూ జత కుదరడమంటే ఏమిటో దీనికన్నా బాగా చూపే ఉదాహరణ నాకు తెలియదు.

నవంబర్ మూడో గురువారం వచ్చే కొత్త పంట వైన్ బోజొలే నూవో చూసి ఈ ప్రాంతాన్ని చిన్నచూపు చూడకండి. పది క్రూలున్నాయి, అంటే సొంత పేరుతో వైన్ అమ్మే మేలైన చోట్లు. ఫ్లూరీ గులాబీ గ్రానైట్ మీద, తేలికగా, పూల వాసనతో ఉంటుంది. మోర్గోన్‌లోని కోట్ దు పీ గుట్ట మీద నీలిమ కలిసిన ముదురు రాయి పొడిగా చిట్లి ఉంటుంది. అక్కడి వైన్ చిక్కగా, కొన్నేళ్లు నిలిచేలా ఉంటుంది. వగరు తక్కువ, పులుపు బాగా, ఆల్కహాల్ మితం. కోడి వేపుడు, మటన్ ఇగురుతో రెడ్ తాగాలంటే నా మొదటి ఓటు దీనికే. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయండి.

## లువార్: ఎన్ని రాళ్లో అన్ని తీర్లు

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రాంతం ఇది. పొడవైన నది, దాని వెంట రాళ్లు మారుతూ పోతాయి.

సముద్రం దగ్గర ముస్కాడే ప్రాంతం, అక్కడ గ్నైస్ (గ్రానైట్ లాంటి గట్టి రాయి), గ్రానైట్ నేలలు. తేలికైన, పుల్లని, చవకైన వైట్. కొంచెం లోపలికి వస్తే ఆన్జూ. అందులో పడమటి సగం నల్లని పలకరాయి, తూర్పు సగం తెల్లని సున్నపురాయి. స్థానికులు నల్ల ఆన్జూ, తెల్ల ఆన్జూ అనే పిలుస్తారు. షెనిన్ బ్లాంక్ రెండు చోట్లా పండుతుంది. నల్ల వైపు చిక్కగా, తెల్ల వైపు సన్నగా, బిగువుగా ఉంటుంది. ఇంకా పైకి వెళ్తే వూవ్రే, అక్కడ తూఫో అనే మెత్తని సున్నపురాయి. లువార్ కోటలు చాలావరకు ఆ రాతితోనే కట్టారు. రాయి తీసిన గుహల్లోనే వైన్ నిల్వ చేస్తారు. వూవ్రే దెమీ సెక్, అంటే కాస్త తీపి ఉన్న రకం, పులుపు దండిగా ఉన్న చేపల పులుసు పక్కన తడబడదు.

సాన్సేర్‌లో సావిన్యాన్ బ్లాంక్ మూడు నేలల మీద పండుతుంది. చిన్న సున్నపురాళ్ల నేల కాయొత్ మీద పండినది త్వరగా తాగడానికి బాగుంటుంది. షాబ్లీలో ఉన్న సున్నపు బంకమట్టే ఇక్కడ తెల్ల నేల పేరుతో ఉంది, అక్కడి వైన్ నిండుగా ఉంటుంది. మూడోది చెకుముకి రాయి, సిలెక్స్ అని సీసా మీద రాస్తారు. పదును ఎక్కువ, వాసన, రుచి పూర్తిగా తెలియడానికి ఏడాదో రెండేళ్లో పడుతుంది. రెడ్ కావాలంటే కాబర్నే ఫ్రాన్‌తో చేసే షినోన్ ఉంది. నది పక్క ఇసుక, గులకరాళ్ల మీద తేలిక, కొండవాలు సున్నపురాయి మీద బిగువు.

## రోన్: పైన గ్రానైట్, కింద గుండ్రాళ్లు

ఉత్తర రోన్‌లో ఎర్మితాజ్, కోర్నాస్ కొండలు నిట్టనిలువు గ్రానైట్. సిరా ద్రాక్ష ఇక్కడ మిరియాల ఘాటుతో, పులుపు పోకుండా పండుతుంది. కోట్ రోటీలో ఎక్కువగా పలకరాయి, పరిమళం ఎక్కువ.

దక్షిణాన షాతోనెఫ్ దు పాప్ తోటల ఫొటోల్లో అరచేతికి మించిన గుండ్రాళ్లు పరుచుకుని కనిపిస్తాయి. అవి పగటి వేడిని రాత్రికి దాస్తాయి, వాటి కింది ఎర్ర బంకమట్టి తేమను దాస్తుంది. గ్రెనాష్ బాగా పండి, ఆల్కహాల్ 14, 15 శాతం దాకా పోతుంది. అదే ఊళ్లో ఇసుక నేలలూ ఉన్నాయి. అక్కడి గ్రెనాష్ రంగు పలచన, వాసన మృదువు. బలమైన వైన్ ఇష్టపడేవాళ్లకు షాతోనెఫ్ నచ్చుతుంది కానీ, ఆంధ్రా కారంతో మాత్రం కలపకండి. ఆ ఆల్కహాల్ మంటను రెట్టింపు చేస్తుంది.

## అల్సాస్, షాంపేన్

అల్సాస్‌లో ద్రాక్ష పేరు సీసా మీద ఉంటుంది కాబట్టి కొత్తవారికి సులువు. వోజ్ కొండలు వానను అడ్డుకోవడంతో కోల్మార్ చుట్టుపక్కల ఫ్రాన్స్‌లోకెల్లా పొడి ప్రాంతాల్లో ఒకటి. 51 గ్రాన్ క్రూ తోటల్లో గ్రానైట్, సున్నపురాయి, ఇసుకరాయి, రాంజెన్‌లో అగ్నిపర్వత శిల, అన్నీ ఉన్నాయి. గ్రానైట్ మీది రీస్లింగ్ త్వరగా వాసన విప్పుతుంది, సున్నపు నేల మీదిది మూడు నాలుగేళ్లు ఆగమంటుంది. సీసా మీద సెక్ అని ఉంటే తీపి లేదని అర్థం. కారపు కూరలకు కాస్త తీపి ఉన్నదే మంచిది.

షాంపేన్‌లో సుద్ద నేల. సుద్ద నీళ్లను స్పాంజిలా పట్టి, మెల్లగా పైకి అందిస్తుంది, ఎక్కువైన నీటిని కిందికి వదిలేస్తుంది. రాన్స్ నగరం కింద పాతకాలపు సుద్ద గనుల్లోనే ఇప్పటికీ సీసాలు నిల్వ ఉంచుతారు. సుద్ద గుణం నేరుగా తెలియాలంటే కోట్ దె బ్లాన్ నుంచి వచ్చే బ్లాన్ ద బ్లాన్, అంటే ఒక్క షార్డనేతో చేసినది, తీసుకోండి. దక్షిణాన ఓబ్‌లో సుద్ద కాదు, షాబ్లీ తరహా మట్టి. అక్కడి పినో న్వార్ షాంపేన్ మరింత నిండుగా, మెత్తగా ఉంటుంది.

## ఒక్క చూపులో

| ప్రాంతం | నేల | ద్రాక్ష | వగరు | పులుపు | చిక్కదనం | ఎప్పుడు |
|---|---|---|---|---|---|---|
| మెడాక్ | గులకరాళ్లు | కాబర్నే | చాలా | మధ్యస్థం | ఎక్కువ | ఆగి |
| పోమెరోల్ | బంకమట్టి | మెర్లో | మెత్తన | తక్కువ | ఎక్కువ | కొన్నేళ్లకు |
| కోట్ డోర్ రెడ్ | సున్నపురాయి | పినో న్వార్ | తక్కువ | బాగా | మధ్యస్థం | తోటను బట్టి |
| షాబ్లీ | సున్నపు బంకమట్టి | షార్డనే | లేదు | పదును | తక్కువ | ఇప్పుడే |
| బోజొలే క్రూ | గ్రానైట్ | గామే | తక్కువ | బాగా | తక్కువ | ఇప్పుడే |
| వూవ్రే | తూఫో | షెనిన్ | లేదు | చాలా | మధ్యస్థం | ఎప్పుడైనా |
| ఉత్తర రోన్ | గ్రానైట్ | సిరా | బాగా | బాగా | ఎక్కువ | ఆగి |
| షాతోనెఫ్ | గుండ్రాళ్లు | గ్రెనాష్ | మధ్యస్థం | తక్కువ | చాలా | కొన్నేళ్లకు |
| అల్సాస్ | రకరకాలు | రీస్లింగ్ | లేదు | చాలా | మధ్యస్థం | నేలను బట్టి |

## మరి ఏది తీసుకోవాలి

ఫ్రెంచ్ వైన్ తొలిసారి కొంటుంటే బోర్డోతో మొదలుపెట్టకండి. పేరు చూసి అందరూ అటే వెళ్తారు, లేత మెడాక్ వగరుకు బెదిరి రెడ్ వైనే మానేస్తారు. బోజొలే క్రూ ఒకటి, అల్సాస్ రీస్లింగ్ ఒకటి తీసుకోండి. రెండూ అంత ఖరీదు కావు, రెండూ మన తిండితో కుదురుతాయి.

పెళ్లిరోజుకో, పిల్ల పుట్టిన ఏడాది గుర్తుకో దాచాలనుకుంటే మెడాక్ లేదా ఎర్మితాజ్. అయితే దాచే చోటు ఉండాలి. మే నెల హైదరాబాద్‌లో మామూలు అలమారాలో పెడితే వైన్ ఉడికిపోతుంది. చల్లగా ఉంచే ఏర్పాటు లేకపోతే, దాచాల్సిన వైన్ మీద డబ్బు పెట్టడం దండగ.

బహుమతికైతే, తీసుకునేవారికి వైన్ పెద్దగా తెలియకపోతే సాన్ ఎమిలియోన్. మెత్తగా ఉంటుంది, పేరూ తెలిసినదే. తెలిసినవారికైతే బర్గండీ, అదీ తయారీదారు గురించి దుకాణంలో అడిగి తెలుసుకున్నాకే.

నేల తేడా నాలుక మీదే తెలుసుకోవాలని ఉంటే రెండు సీసాలు చాలు. ఒకే ద్రాక్ష, ఒకే పంట ఏడాది, వేర్వేరు నేలలు. షాబ్లీ, మెర్సో జత బాగుంటుంది కానీ వాతావరణం, ఓక్ పీపాలు కూడా మారతాయి కాబట్టి తేడా అంతా నేలది అనలేం. సాన్సేర్‌లో ఒకే తయారీదారు చేసిన కాయొత్, సిలెక్స్ దొరికితే అదే ఉత్తమం. రెండింటినీ ఒకే చల్లదనంలో, ఒకే రకం గ్లాసుల్లో, తిండి లేకుండా ముందు రుచి చూడండి. తర్వాత భోజనంతో చూడండి. మిగిలింది మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు మళ్లీ చూడండి. సిలెక్స్ సీసా ఎక్కువగా రెండో రోజే బాగుంటుంది.